సంచి ఏ భుజాన

చిక్కడపల్లి లైబ్రరీ వెనక గల్లీలో
మా జిరాక్స్ షాపులకు వాన నీళ్ళొచ్చిన రోజు
తడిసి పాడైన కాగితం మీద
పుట్టిండు కొమురెల్లి.

పుట్టినప్పుడు వాడికి మొహం లేదు.
సిటీ బస్సు కండక్టరు, అంతవరకే తెలుసు.
టిక్కెట్టు వెనక చిల్లర బాకీ రాసిచ్చి రాసిచ్చి
పట్నమంతటికీ అప్పున్నోడు.
రోజుకు నాలుగు గడులు వాడి ఆయుష్షు.

ముక్కు దగ్గర వారం ఆగిపోయిన.
చిలక ముక్కు పెడితే దొర అయితున్నడు,
బోండా ముక్కు పెడితే జోకరైతున్నడు.
నాకు నవ్వించేటోడు కావాలె
నవ్వులపాలయ్యేటోడు కాదు.

అప్పుడే మిషన్ డ్రమ్ము పాడయి
ఎవరిదో నోట్సు విరిగి విరిగి వచ్చింది:
ఒక దిక్కు తలకట్లు, ఒక దిక్కు కొమ్ములు,
అక్షరం లేని ఒత్తులు.
అండ్లనే ఉంది మొహం.
రెండు తలకట్లు కొడితే కనుబొమ్మలు,
కోపమొస్తే అవే జారి ముక్కు మీద పడ్తయి.
ముక్కు అంటే ఒక్క కొమ్ము.
బిత్తరపోయిన కన్నుకు ఠ, లోపలి చుక్కతో సహా.
మీసానికి వట్రసుడి, ఒక్క పక్కనే.
రెండో పక్క ఇంకా నిద్ర లేవలేదు.

గీత సంగతి మిషనే నేర్పింది.
సన్నగ గీస్తే మింగుతది,
పెన్సిలు నీడను బూడిద చేసి ఉమ్ముతది.
పదో కాపీల బతికున్నదే గీత.
అందుకే నా హైదరాబాదుల సాయంత్రాలు లేవు,
ఎండ, లేకుంటే కటిక నలుపు.
హుస్సేన్ సాగర్ అంటే తెల్ల జాగ, మూడు గీతలు.
వాసన గీయనీకె ఇంకా రాలేదు.

మాటల బుడగలు గుండ్రంగ గీస్తే
ఒత్తులు కిందికి కారి పక్కోని నెత్తి మీద పడ్తున్నయి.
ఒక ఆయితారం ఖాజాగూడ గుట్టల కాడికి పోయి కూసున్న.
బండ మీద బండ, ఎవరూ పట్టుకోకుంటనే.
తెల్లారి నుంచి నా బస్సుల మాటలన్నీ బండలే:
అడుగున కొమురెల్లిది, 'చిల్లర లేదమ్మా',
దాని మీద ముసలామెది, 'ఎన్నడన్న ఉండెనా బిడ్డా',
ఆ పైన, దొర్లీ దొర్లనట్టు,
కిటికీ కాడి చాచాది, 'అరే జానే దో'.

పదేసి కాపీలు తీసి ఎవరికియ్యాల్నో తెల్వక
అరల పెట్టిన.
ఇస్తారన్న చూసుకోలే. తెల్ల కాగితాలనుకొని మిషన్ల పెట్టిండు.
పద్దెనిమిది పేజీల పాలిటీ నోట్సు,
మూడు కాగితాల వెనక కొమురెల్లి,
నారాయణపేట నర్మద పట్టుకపోయింది.

మూడో రోజు వచ్చింది. పైసలు వాపసడుగుతదనుకున్న.
'మొదటి గడిల సంచి ఎడమ భుజాన ఉంది,
మూడో గడిల కుడికెట్ల పోయింది?'

తప్పే. మరిచిపోయి గీసిన.
ఒప్పుకుందామని నోరు తెరిస్తే ఏమొచ్చిందంటే,
'నొస్తది గద. మార్చుకుంటడు.'

నర్మద తన బుక్కుల సంచి
ఈ భుజం నుంచి ఆ భుజానికి ఏసుకుంటనే
'ఔ' అన్నది.
రెండు రూపాయలు చిల్లర లేక
రసీదు వెనక రాసిచ్చిన.
బొమ్మ ఉందేమోనని తిప్పి చూసింది.

ఆ రాత్రి మళ్ళ మొదటి నుంచి గీసిన.
మొహం అదే, ముట్టుకోలే.
ఎడమ భుజం మాత్రం వేలెడంత కిందికి దించిన.
ఆ పక్క చొక్కా అరిగినట్టు మూడు చుక్కలు.
బస్సు ఖాళీ అయినంక సంచి దించి
ఒక్క క్షణం సీటు మీద పెట్టుకుంటడు,
పసిపిల్లను కూసోబెట్టినట్టు.
ఆ గడిల మాటల్లేవు.

ఇంటికి పోతే ఆ భుజానికి ఎవరో నూనె రాస్తరు.
ఎవరో ఇంకా తెల్వదు.
చేతులైతే గీసిపెట్టిన.
గాజులు ఎయ్యాల్నా వద్దా
రేపు చూడాలె.